పాత రికార్డులలో హార్మోనియము: దిద్దదగిన శ్రుతి, దిద్దరాని శ్రుతి

సంగీతమునకు శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన పెద్దలు చెప్పిరి. తల్లి చేయి విడిచిన బిడ్డవలె, శ్రుతి విడిచిన పాట ఎవరికిని ఇంపు గొలుపదు. ఇటీవల మన ఇండ్లలో ఒక కొత్త కోరిక వినవచ్చుచున్నది. తాతగారు కొన్న పద్యముల గ్రామఫోను రికార్డు, నాయనగారు నాటకములో పాడుచుండగా ఎవరో పట్టిన క్యాసెట్టు, ఊరి భజన మండలివారి టేపు అటకమీద దొరకును. దానిని కంప్యూటరులోనికి ఎక్కించిన పిమ్మట ఇంటివారు విని, "హార్మోనియము శ్రుతి తప్పి ఉన్నది, సరిచేసి ఇయ్యగలరా?" అని అడుగుదురు. సరిచేయు సాధనములు నేడు కొల్లలుగా ఉన్నవి. కాని సరిచేయవచ్చునా అనునది ఒక ప్రశ్న, సరిచేయవలెనా అనునది వేరొక ప్రశ్న. మొదటిదానికి యంత్రము సమాధానము చెప్పగలదు. రెండవదానికి మనమే చెప్పుకొనవలెను.

ఈ ప్రశ్న పట్టణములలోని సంగీత పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టభూములలో హార్మోనియము వినబడని పల్లె అరుదు. ఈ రెండు జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విడిపోయినవి. ఇచట ఆ పేర్లను పాత అర్థములోనే వాడుచున్నాను. గుడి మండపములలో భజన చేయువారికి, పద్యనాటకములాడు సమాజములకు, వీథి భాగవతులకు, చిందు భాగవతులకు మద్దెల, తాళములతోపాటు హార్మోనియము కావలసినదే. దానిని మనవారు 'పెట్టె' అనియే పిలుతురు. ఈ ప్రాంతపు పాత పాటలలో పెట్టుబడిదారుల రికార్డులకు ఎక్కినవి కొన్నియే. మిగిలినవి ఇంటి టేపులలోనే బ్రతికి ఉన్నవి. వాని విషయమున మనము చేయు తప్పును మరల దిద్దుకొనుట సాధ్యము కాదు.

హార్మోనియము పుట్టుక మన దేశమున కాదు. పారిస్ నగరమున అలెగ్జాండర్ డెబేన్ అను నతడు 1842లో ఆ పేరుతో హక్కుపత్రము పొందెను. అది కాలితో త్రొక్కి వాయించు పెద్ద వాద్యము. నేలమీద కూర్చుండి పాడు మనవారికి అది అనుకూలము కాలేదు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతమున చేతితో తిత్తి ఊదు చిన్న పెట్టెను రూపొందించెను. అది తేలికగా మోయదగినది, ఎండకు వానకు తంత్రీవాద్యమంత సులభముగా చెదరనిది, పెద్ద గొంతు గలది. మైకులు లేని నాటకపు పందిట్లో చివరి వరుసవానికి వినబడవలెనన్న, నటునికి గట్టి ఆధారశ్రుతి కావలెను. అందుచేత అది తెలుగు రంగస్థలమున స్థిరపడినది. 1885లో కడప మండలపు సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజముల సంప్రదాయములోను, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకముల పద్యములు పాడిన సమాజములలోను హార్మోనియము లేని తెర లేవదు.

ఈ వాద్యము ఎట్లు మ్రోగునో తెలిసికొన్నగాని దాని శ్రుతిదోషము తెలియదు. పెట్టెలోపల ప్రతి మెట్టుకు ఒక పలుచని ఇత్తడి నాలుక ఉండును. దానినే రీడు అందుము. తిత్తినుండి వచ్చిన గాలి దానిని కదలించును. సెకనుకు అది ఎన్నిమారులు కదలునో అదే ఆ స్వరము. రీడు కొనను ఆకురాయితో కొద్దిగా గీచినచో తేలికయై శ్రుతి హెచ్చును. మొదటివద్ద గీచినచో మెత్తబడి శ్రుతి తగ్గును. శ్రుతి చేయు పనివాని విద్య అంతయు ఈ రెండు గీతలలో ఉన్నది. రీడుపై దుమ్ము చేరినను శ్రుతి దిగును. తిత్తి బలముగా ఊదినను కొంచెము దిగును. మన మెట్ట ప్రాంతపు వేసవిలో కొయ్య ఎండి, సందులలో గాలి కారి, దుమ్ము రీడులలోనికి చొచ్చును. ఒక్కొక్క మెట్టుకు రెండేసి, మూడేసి రీడుల వరుసలుండు పెట్టెలలో ఒక వరుస కొంచెము జారినచో, రెండు స్వరములు పెనుగులాడి ఒక అల వినబడును. ఒక రీడు సెకనుకు 240 మారులు, రెండవది 241 మారులు కదలినచో సెకనుకొక అల పుట్టును. దీనినే శాస్త్రజ్ఞులు విస్పందనము అందురు. పాత టేపులలో మనము వినునట్టి ఆ వణకు చాల తరచుగా ఇదియే.

ఇక వాద్యము కొత్తదియై, నిర్దుష్టముగా శ్రుతి చేయబడినదైనను, దానికిని గాత్రమునకును ఒక తగవు మిగిలియే ఉండును. హార్మోనియపు మెట్లు పాశ్చాత్య పద్ధతిని ఒక స్థాయిని 12 సమభాగములుగా పంచుకొన్నవి. షడ్జము 240 కంపనములనుకొందము. గాయకుడు తంబురాను ఆధారము చేసికొని పాడు పంచమము 360, అంతర గాంధారము 300. హార్మోనియపు పంచమము 359.6, భేదము చెవికి అందదు. కాని దాని గాంధారము 302.4. గాయకుడు 300 వద్ద నిలిచి, హార్మోనిస్టు గాంధారపు మెట్టును నొక్కిపట్టినచో సెకనుకు రెండు మూడు అలలు లేచును. నేర్పరియైన హార్మోనిస్టు ఈ సంగతిని చెవితోనే ఎరుగును. గాయకుడు గాంధారమున నిలిచినపుడు ఆ మెట్టును తేలికగా తాకి విడుచును, లేదా షడ్జపంచమములమీదనే చేయి నిలుపును. పాత రికార్డులో ఈ ఒదుగుబాటు వినబడును. అది లోపమును కప్పుటకు నేర్చిన విద్య. ఆనాటి సంగీతములో అదియు ఒక భాగమే.

ఈ తగవు మూలముననే హార్మోనియముపై ఒకప్పుడు రేడియోలో పెద్ద తీర్పు వెలువడినది. ఢిల్లీ కేంద్రమున పాశ్చాత్య సంగీత విభాగమును నడపిన జాన్ ఫౌల్డ్స్ 1938లో దీనికి విరుద్ధముగా వ్రాసెను. రవీంద్రనాథ ఠాకూరుకును ఈ వాద్యమనిన విముఖతయే. గమకమును పలుకలేదనియు, మెట్లు మన స్వరములకు ఒదుగవనియు విమర్శకులు పలికిరి. 1940 మార్చి 1వ తేదీనుండి ఆలిండియా రేడియోలో హార్మోనియమును నిషేధించిరి. 1971లోగాని ఆ కట్టు సడలలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు హైదరాబాదు సంస్థానములోనివి. ఆ సంస్థానమునకు 1935నుండి దక్కన్ రేడియో ఉండెడిది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రము ఆలిండియా రేడియోలో చేరినది. అటుపిమ్మట ఈ నియమము ఇచటికిని వచ్చినది.

ఆ విమర్శలో నిజము లేదనరాదు. కాని దాని ఫలితమును గూడ చూడవలెను. పల్లెలో నాటకమన్నను, భజనయన్నను హార్మోనియమే ప్రాణమై ఉండిన ఆ మూడు దశాబ్దుల కాలమున, రేడియో భాండాగారమునకు ఆ ధ్వని చేరుట కష్టమైనది. అందుచేత ఆనాటి హార్మోనియపు పలుకు వినగోరువారు వ్యాపార సంస్థల గ్రామఫోను రికార్డులను, ఆపై ఇండ్లలోని టేపులను వెదకవలసినదే. శ్రుతి సరిలేదని ఒకమారు వెలివేయబడిన వాద్యము అది. ఇప్పుడు అదే కారణము చెప్పి, మిగిలిన కొద్ది రికార్డులలోను కంప్యూటరుతో దాని పలుకును మార్చివేసినచో అది రెండవ వెలి అగును. మొదటి వెలిలో వాద్యము స్టూడియో వెలుపలనైన బ్రతికినది. రెండవదానిలో అది ఎట్లుండెడిదో చెప్పు సాక్ష్యమే పోవును.

అట్లని ఏ రికార్డునైనను ముట్టుకొనరాదని చెప్పుట నా ఉద్దేశ్యము కాదు. శ్రుతి తప్పినట్లు వినబడు రికార్డులలో మూడు వేర్వేరు సంగతులు ఒకే పేరుతో చెల్లుచున్నవి. మొదటిది యంత్రపు దోషము. రెండవది వాద్యపు దోషము. మూడవది అసలు దోషమే కానిది. ఈ మూడింటిని వేరుచేయుటయే అన్నిటికంటె ముఖ్యమైన పని.

యంత్రపు దోషమును ముందుగా చూతము. లక్కతో చేసిన పాత రికార్డులను నిమిషమునకు 78 చుట్లని పిలుచుట అలవాటు. కాని 1925లో విద్యుత్పద్ధతి వచ్చుటకు పూర్వము, అటుపిమ్మట కొంతకాలము గూడ, రికార్డు పట్టు యంత్రపు వేగము ఒక్కతీరుగ ఉండెడిది కాదు. 74 చుట్ల వేగమున పట్టిన పాటను 78 చుట్ల వేగమున వినిపించినచో నూటికి 5.4 వంతుల వేగము హెచ్చును. మూడు నిమిషముల పది సెకనుల పద్యము మూడు నిమిషములకే ముగియును. శ్రుతి ఇంచుమించు అరమెట్టు పైకెక్కును. నాలుగు శ్రుతిలో పాడినవాడు నాలుగున్నర శ్రుతిలో పాడినట్లు వినబడును. గొంతు సన్నబడి, పెద్దవాడు కుర్రవానివలె తోచును. దీనిని దిద్దవలసినదే. ఎందుకనగా ఆ హెచ్చు శ్రుతిని ఆ గదిలో ఎవరును పాడలేదు, ఎవరును వినలేదు. రికార్డు నడిమి రంధ్రము కొంచెము ప్రక్కకు పోయినచో, చుట్టు చుట్టుకు ఒకమారు శ్రుతి ఎక్కి దిగును. ఈ ఊగుటయు యంత్రముదే.

క్యాసెట్టు విషయము మన పల్లెలవారికి మరింత దగ్గరిది. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడువవలెను. రాత్రి నాటకమును పట్టుటకు బ్యాటరీలు వేసి టేపురికార్డరు పెట్టుదురు. తెల్లవారుజామునకు బ్యాటరీలు నీరసించును, మోటారు మందగించును, టేపు నెమ్మదిగా కదలును. ఆ టేపును పిమ్మట సరియైన వేగమున నడపినపుడు పాట వడివడిగా సాగి, శ్రుతి అంకము అంకమునకు పైకిపోవును. ఇంటివారు విని, నటుడు ఉద్రేకమున శ్రుతి దాటెననియో, హార్మోనియము చెడినదనియో అనుకొందురు. నిజమునకు ఇద్దరును నిర్దోషులు, దోషము బ్యాటరీలది. ఇట్టి టేపును దిద్దకుండ విడుచుటయే కళాకారునికి అన్యాయము.

దిద్దుటకు ఆధారము కావలెను. ఇచట హార్మోనియమే మనకు సాక్షి. గాయకుని గొంతు ఎక్కడనైన ఉండవచ్చును. రీడులు మాత్రము తయారైననాడే ఒక కొలతకు కట్టుబడినవి. 1859లో ఫ్రాన్సు ప్రభుత్వము మధ్యస్థాయి 'ఏ' స్వరమునకు 435 కంపనములు నిర్ణయించెను. 1939లో లండను సమావేశము 440 అని నిశ్చయించెను. ఈ రెండింటి నడుమ భేదము అరమెట్టులో అయిదవ వంతు మాత్రమే. రికార్డులోని హార్మోనియపు షడ్జము రెండు మెట్లకు సరిగా నడుమ పడుచున్నదన్న, వేగము తప్పినదని అనుమానింపవచ్చును. కాని ఒక చిక్కు ఉన్నది. తప్పు సరిగా అరమెట్టంత అయినచో స్వరము ప్రక్క మెట్టుమీద కూర్చుండి, ఏ తప్పును లేనట్లే నటించును. పైన చెప్పిన 74, 78 చుట్ల భేదము ఇంచుమించు అట్టిదే. అప్పుడు ఆ గాయకుని ఇతర రికార్డులు, మాట పలుకు తీరు, ఆ పద్యమును రంగస్థలమున ఏ శ్రుతిలో పాడెడివారను పెద్దల జ్ఞాపకము కలిపి విచారింపవలెను.

మరియొక సాక్షి విద్యుత్తు. కరెంటుమీద నడచిన టేపురికార్డరులో సన్నని 'హుం'కారము తరచుగా పడును. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును గనుక ఆ ధ్వనిని చూచి వేగము సరిచేయుదురు. ఇదియు కన్నుమూసికొని నమ్మదగినది కాదు. 1990లలో దక్షిణ భారత విద్యుద్వలయమున ఆ సంఖ్య 50కి తగ్గి, ఒక్కొక్కప్పుడు 48 దాపునకు దిగెడిది. 48 ఉన్న రాత్రి పట్టిన టేపును 50 అనుకొని సరిచేసినచో, మంచి శ్రుతిలోని పాటను అరమెట్టులో ముప్పాతికకు దగ్గరగా చెరచినట్లగును. కావున ఒక్క సాక్షి చాలదు. రెండు మూడు సాక్ష్యములు ఏకమైనప్పుడే వేగమును మార్చవలెను. ఏకము కానప్పుడు ఉన్నదున్నట్లు ఉంచి, సందేహమును కాగితముపై వ్రాయవలెను.

ఇక రెండవది, వాద్యపు దోషము. పెట్టె నిజముగనే శ్రుతి తప్పి ఉన్నది. నిషాదపు రీడుపై దుమ్ము చేరి దిగినది. రెండు వరుసలు పెనుగులాడుచున్నవి. ఆ రాత్రి పందిట్లో కూర్చున్న జనమంతయు దానినే వినిరి. 1997లో ఆటోట్యూన్ అను సాధనము వచ్చి ఒంటరి గొంతును దిద్దుట నేర్పెను. 2009లో మెలొడైన్ అను సాధనము కలసి మ్రోగు స్వరములను విడదీసి ఒక్కొక్కదానిని జరుపు విద్యను చూపెను. ఇటీవల కృత్రిమ మేధతో గాత్రమును వాద్యమును వేరుచేయుటయు సులభమైనది. కావున ఆ నిషాదమును మాత్రము పట్టి పైకి జరుపవచ్చును. జరిపిన పిమ్మట ఏమగును?

గాయకుడు ఆ దిగిన నిషాదమును విని ఊరకొనలేదు. అతడు దానికి ఒదిగి తన నిషాదమును కొంత దింపి ఉండును; లేదా దానిని లెక్కచేయక తన చోటున నిలిచి, హార్మోనిస్టు చేయి తీయువరకు స్వరమును పట్టి ఉండును. పెట్టెను మాత్రము దిద్దినచో మొదటి గాయకుడు శ్రుతి తప్పినవాడగును. రెండవవాని పట్టుదల అర్థము లేనిదగును. ఇద్దరి నడుమ జరిగిన సంభాషణలో ఒకరి మాటలను మార్చి రెండవవారి జవాబులను అట్లే ఉంచినచో ఎట్లుండునో, ఇదియు అట్లే ఉండును. సరే, గాత్రమును గూడ దిద్దుదమన్నచో ఆపద మరింత పెద్దది. యంత్రమునకు తెలిసినవి 12 మెట్లు. తోడి రాగమున గాంధారము ఒకచోట నిలువదు. ఊగుటయే దాని స్వరూపము. ఆ ఊగును యంత్రము తడబాటుగా ఎంచి, నున్నగా సాపుచేయును. మన చేతికి వచ్చునది శుభ్రమైన పాట. కాని అందులో తోడి ఉండదు, పాడినవాడును ఉండడు.

మూడవది, దోషమే కానిది. ఇచట మన ప్రాంతపు ఉదాహరణమే చాలును. పాత మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర అను వాద్యమును ఇప్పుడు దేశమంతయు ఎరుగును. దానిని వాయించు దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు గల ఆ వాద్యమునకు మెట్లను చేతితోనే అమర్చుదురు. ఆ మెట్లు హార్మోనియపు మెట్లతో సరిపోవలెనను నియమమెక్కడను లేదు. అవి పాడువాని గొంతుకు, కథ చెప్పు తీరుకు సరిపోవలెను. కిన్నెర రికార్డును తెచ్చి పియానో కొలతకు సరిచేయుట, పాలమూరు పలుకుబడిని పాఠ్యపుస్తకపు భాషలోనికి మార్చి "ఇదియే అతడు చెప్పినది" అనుటవంటిది. హార్మోనియములలోను ఇట్టివి కలవు. కొందరు వాయించువారు తమ చెవికి ఇంపైనట్లు గాంధార నిషాదముల రీడులను కొంచెము గీచి దింపుకొందురు. యంత్రపు కొలతకు అది తప్పు; పాటకు అది ఒప్పు.

దిద్దవలెననువారి వాదములో బలము లేకపోలేదు. వారు మూడు మాటలు చెప్పుదురు. శ్రుతి చెడిన రికార్డును నేటి పిల్లలు రెండు నిమిషములు వినరనియు, వినని సంపదను దాచియేమి ఫలమనియు మొదటి మాట. ఆ కళాకారుడే నేడుండినచో తన రికార్డును సరిచేయుమని తానే కోరెడివాడనునది రెండవది. మైనపు పలకపై మూడు నిమిషములలో ఒకే ఊపిరిలో పట్టిన పాట అది; మరల పట్టుట ఖర్చుతో కూడినది గనుక చెడిన రీడును సహించిరి, దానిని కోరలేదు అనునది మూడవది. ఈ మూడును మర్యాదగల మాటలే. ముఖ్యముగా మూడవది నిజము. ఆనాటి కళాకారులు చెడిన పెట్టెను ప్రేమించిరని మనము కల్పింపరాదు.

దీనికి సమాధానము మన గ్రంథపరిష్కర్తలు ఎప్పుడో చూపిరి. తాళపత్ర ప్రతిలో లేఖకుని తప్పు కనబడినచో పరిష్కర్త తాను సరియనుకొన్న పాఠమును పైన అచ్చువేయును. మూలములోని పాఠమును అడుగున చూపును. అంతేగాని గంటముతో తాటియాకును గీకడు. తరువాతి వాడు వచ్చి, లేఖకునిది తప్పు కాదు, అది ఆ సీమ మాట అని చెప్పగల అవకాశమును మిగుల్చును. గద్వాల, వనపర్తి సంస్థానముల పండితసభలు వర్ధిల్లిన ప్రాంతమున ఈ మర్యాదను మనకు వేరొకరు నేర్పనక్కరలేదు. పాలమూరు సీమలో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు, తెలంగాణమున కవులు లేరను మాటకు 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను చూపి సమాధానమిచ్చిరి. ఆ సమాధానమునకు బలము వాదమున కంటె ఆధారమున ఎక్కువ. ఈ సీమ గాయకులు ఎట్లు పాడిరి, ఏ శ్రుతిలో పాడిరి, ఏ పెట్టెతో పాడిరి అని రేపు ఎవరైన అడిగినపుడు చూపవలసిన ఆధారము ఈ రికార్డులే.

కావున నియమము ఇట్లుండవలెను. మూలమునుండి తీసిన మొదటి ప్రతిని ఏ దిద్దుబాటును లేకుండ భద్రపరుపవలెను. ప్రపంచమందలి ధ్వని భాండాగారముల సంఘమైన ఐ.ఎ.ఎస్.ఎ. సూచనలును ఇవియే: మూలపు ధ్వనిని వన్నెలు పెట్టక ఎక్కించుట, సెకనుకు 48 వేలు, వీలైనచో 96 వేల నమూనాలతో, 24 బిట్ల నాణ్యముతో దాచుట, చేసిన పనినంతటిని వ్రాసియుంచుట. అటుపిమ్మట యంత్రపు దోషమును ఆధారములతో దిద్దిన రెండవ ప్రతిని చేయవచ్చును. ప్రసారమునకును, ఇంట వినుటకును ఇది తగినది. వాద్యపు దోషమును దిద్దిన మూడవ ప్రతిని చేయగోరువారు చేసికొనవచ్చును. కాని దానిపై "శ్రుతి మార్చబడినది" అని స్పష్టముగా వ్రాయవలెను, వినిపించునపుడు చెప్పవలెను. వినువానికి తెలిసి చేసిన మార్పు సేవ అగును. తెలియకుండ చేసినది కూటసాక్ష్యమగును.

ఇండ్లలో రికార్డులు, టేపులు గలవారు చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. లక్క రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నిలుపవలెను, ఎండ తగులనీయరాదు. క్యాసెట్టును ఎక్కించుటకు ముందు టేపురికార్డరు హెడ్డును శుభ్రముచేసి, వేగము సరిగా నున్నదో లేదో చూడవలెను. ఎక్కించునపుడు పాటకు ముందు వెనుకల గల శబ్దమును కోసివేయకుడు. హార్మోనిస్టు శ్రుతి పట్టిచూచిన ఆ పది సెకనులు, జనము గుసగుసలు, కరెంటు హుంకారము, ఇవన్నియు రేపు వేగమును తేల్చు సాక్షులే. ఎవరు పాడిరి, ఎవరు వాయించిరి, ఏ ఊరిలో, ఏ జాతరలో, ఏ సంవత్సరమున, కరెంటుమీదనా బ్యాటరీలమీదనా అనునది ఒక కాగితముపై వ్రాసి టేపుతో ఉంచుడు. పాడినవారు జీవించి ఉన్నచో, "మీరు ఏ శ్రుతిలో పాడెడివారు?" అని నేడే అడుగుడు. ఆ ఒక్క మాట ఎన్ని యంత్రములకైనను అందని ఆధారము.

పాత పెట్టె ఇంకను ఇంట ఉన్నవారికి మరొక మాట. దానిని మరమ్మతుకు పంపకముందే, మొదటి మెట్టునుండి చివరి మెట్టువరకు ఒక్కొక్కటి నాలుగైదు సెకనులు నొక్కిపట్టి, ఒక్కొక్క వరుసను వేరుగా, ఫోనులోనైన రికార్డు చేసి దాచుడు. పనివాడు దుమ్ము దులిపి, ఆకురాయితో రీడులను గీచి, కొత్త కొలతకు శ్రుతి చేయును. అది అవసరమైన పనియే. వాయించుటకు పెట్టె సరిగా ఉండవలెను. కాని ఒకమారు గీచిన ఇత్తడి తిరిగి రాదు. ఆ పెట్టెతో మీ పెద్దలు పాడిన టేపు ఎప్పుడైన దొరికినచో, దాని వేగమును తేల్చుటకు ఆ పాత స్వరములే తాళపుచెవి అగును.

రాబోవు తరమువారు మనకంటె మంచి సాధనములు గలవారగుదురు. మనము నేడు దోషమని తోసివేసినదానిలో వారు ఒక సంప్రదాయమును గుర్తింపవచ్చును. వారికి మనము ఇయ్యదగినది, పలికినది పలికినట్లున్న ఒక ప్రతియు, మనమేమి మార్చితిమో చెప్పు ఒక కాగితమును. ఈ రెండును కలసి ఉన్న ఇంటిలో తాతగారి పద్యము తాతగారిదిగానే ఉండును.